లెక్క అడిగిన దివాన్ – మొదటి సాలార్‌జంగ్



సాలార్‌జంగ్ అనగానే మనలో చాలామందికి హైదరాబాదు మ్యూజియం గుర్తుకు వస్తుంది. గంటగంటకూ బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు పిల్లలనో మనుమలనో నిలబెట్టి చూపించని ఉద్యోగి మన వైపు అరుదు. అయితే ఆ మ్యూజియంలోని వస్తువులలో ఎక్కువ భాగం సేకరించినది మనుమడు, మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. నేను రాయబోయేది తాత గురించి, మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ గురించి. ఆయన మిగిల్చిపోయిన ఆస్తిని చూడాలంటే తహసీలు కచేరీకి వెళ్ళాలి. జిల్లా, తాలూకా, తహసీల్దారు, ఏటా జమాబందీ, నెలకు ఇంత అని జీతం, ఇవన్నీ మన వైపు ఒక పద్ధతిగా స్థిరపడినది ఆయన కాలంలోనే. రెవెన్యూలో గుమాస్తాగా చేరి పహాణీల నడుమ జీవితం గడిపిన నేను ఆయన ఉప్పు తిన్నవాణ్ణే అనుకుంటాను.

ఈ ప్రత్యేక సంచికకు ఆయన జీవితాన్నే ఎన్నుకోవడానికి ఒక కారణం ఉంది. ఇప్పుడు ఎక్కడ నలుగురు కూర్చున్నా కృత్రిమ మేధ, అంటే ఏఐ, మాట వస్తున్నది. కార్యాలయాల్లో ఇక నిర్ణయాలన్నీ యంత్రమే తీసుకుంటుందని కొందరు సంతోషిస్తున్నారు, కొందరు భయపడుతున్నారు. ఎవరి లెక్క నమ్మాలి, ఆ లెక్క చూసి నిర్ణయం ఎవరు చెయ్యాలి, తప్పు జరిగితే రైతు ఎవరి దగ్గరికి పోవాలి అన్న ప్రశ్నలు మాత్రం కొత్తవి కావు. 170 ఏళ్ళ క్రితం ఒక ఇరవై నాలుగేళ్ళ యువకుడి ముందుకు ఇవే ప్రశ్నలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఆయన చక్కగా జవాబు చెప్పాడు. ఒకదానికి చెప్పలేకపోయాడు. ఆ చెప్పలేనిదాని ఫలితాన్ని మన జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలు చాలాకాలం అనుభవించాయి.

బాల్యం, తొలి ఉద్యోగం

మీర్ తురాబ్ అలీ ఖాన్ 1829 జనవరిలో బీజాపూరులో జన్మించారు. వంశం పెద్దది. చెరువు పేరుతో మనకందరికీ పరిచయమైన దివాన్ మీర్ ఆలం ఆయనకు ముత్తాత. తాత మునీరుల్‌ముల్క్ కూడా దివాన్‌గా చేసినవారే. తండ్రి చిన్నతనంలోనే పోవడంతో తండ్రి సోదరుడు సిరాజుల్‌ముల్క్ నీడలో పెరిగారు. ఆ కాలపు నవాబు ఇళ్ళలో మాదిరిగా ఫారసీ చదువుకున్నారు. ఇంగ్లీషు తరువాత పట్టుదలతో నేర్చుకున్నారు.

ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఆయనకు ఖమ్మం తాలూక్దారు ఉద్యోగం వచ్చింది. అప్పట్లో తాలూక్దారు అంటే ఒక ప్రాంతం మొత్తానికి శిస్తు వసూలు చేసే అధికారి. అక్కడ పనిచేసింది కొద్ది నెలలే. అయినా ఆ కొద్ది నెలలు ఆయనకు గొప్ప బడి అని నా అభిప్రాయం. కోటలో పుట్టినవాడు కల్లం దగ్గరికి వెళ్ళి, ధాన్యం రాశిలో సర్కారు వాటా ఎంత, రైతుకు మిగిలేదెంత, మధ్యలో మాయమయ్యేదెంత అని తెలుసుకునే అవకాశం అందరు దివాన్‌లకూ రాలేదు.

1853 నాటి పరిస్థితి

1853 మే నెలలో నిజాం నాసిరుద్దౌలా ఇంగ్లీషువారితో ఒక సంధి మీద సంతకం చెయ్యవలసి వచ్చింది. హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం ఖర్చు బాకీ కింద బేరారు, రాయచూరు దోఆబు, ధారాశివ్ ప్రాంతాలు చేజారాయి. ఆ సంధి జరిగిన కొద్ది రోజులకే దివాన్ సిరాజుల్‌ముల్క్ కన్నుమూశారు. ఆ పదవి తురాబ్ అలీ ఖాన్ మీద పడింది. ఖజానా ఖాళీ. నిజాం ఆభరణాలు సైతం తాకట్టులో ఉన్నాయి. అరబ్బు, రోహిల్లా జమాదార్లు అప్పులిచ్చి తాలూకాలకు తాలూకాలే కుదువ పెట్టుకున్నారు. ఫౌజుకు జీతాలు లేవు.

ఇన్ని కష్టాలకూ మూలం ఒకటుంది. అది ఇజారా పద్ధతి. తాలూకా శిస్తును వేలం వేసేవారు. ఎక్కువ పాడినవాడు గుత్తేదారు. అతడు సర్కారుకు ఒప్పుకున్న మొత్తం కట్టి, రైతుల దగ్గర తాను పిండగలిగినంత పిండుకునేవాడు. అందులో జరిగే దౌర్జన్యం ఒక ఎత్తు, దానివల్ల వచ్చే చీకటి మరొక ఎత్తు. సర్కారుకు తెలిసేది తనకు ముట్టిన మొత్తం ఒక్కటే. ఏ ఊళ్ళో ఎంత భూమి సాగులో ఉంది, ఏ చెరువు తెగింది, ఏ రైతు ఊరు విడిచిపోయాడు అన్నది గుత్తేదారుకే తెలుసు, అతడు చెప్పడు. అంటే రాజ్యం గురించిన తెలివి అంతా రాజ్యం బయట ఉన్నది. అటువంటప్పుడు దివాన్ ఎంత బుద్ధిమంతుడైనా చేసే నిర్ణయం గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉంటుంది.

ముందు మనిషి, ముందు రూపాయి

సాలార్‌జంగ్ మొదట చేసినది ఇజారాలను ఒక్కొక్కటిగా రద్దు చేసి, వాటి స్థానంలో జీతగాళ్ళయిన తాలూక్దార్లను నియమించడం. కుదువలో ఉన్న తాలూకాలను బలంతో లాక్కోలేదు. లెక్క కట్టి, వాయిదాలు పెట్టి, బుజ్జగించి విడిపించుకున్నారు. గుత్తేదారుకూ జీతగాడికీ తేడా మనకు చెప్పనక్కరలేదు. గుత్తేదారు లెక్క దాస్తే లాభపడతాడు. జీతగాడికి లెక్క పైకి పంపడమే ఉద్యోగం. మనిషి స్వభావం మారకపోయినా, మనిషి ఏది చేస్తే బాగుపడతాడో అది మారింది.

రెండవది నాణెం. ఆ రోజుల్లో ఒక్కో ప్రాంతంలో ఒక్కో టంకశాల, ఒక్కో సిక్కా. వాటి విలువలు వేరు, మారకం వేరు. ఒక తాలూకా వసూలును మరొక తాలూకా వసూలుతో పోల్చాలంటే ముందు రూపాయి అన్నచోట్లా ఒకటి కావాలి. ఆయన బయటి టంకశాలలు మూయించి హైదరాబాదులో ఒకే టంకశాల నడిపించారు. మన తాతలు చెప్పుకున్న హాలీ సిక్కా అలా స్థిరపడింది. ఈనాడు డేటా అంటున్నాం. వేర్వేరు కొలతలతో రాసిన లెక్కలు ఎన్ని పోగుచేసినా అవి గోనెసంచుల బరువే గాని పనికివచ్చే సమాచారం కాదని ఆయనకు అప్పుడే తెలుసు.

1857

ఈ పనులు సగంలో ఉండగానే 1857 వచ్చింది. జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల నాయకత్వంలో కొన్ని వందలమంది కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. దివాన్ ఇంగ్లీషువారి పక్షాన నిలిచారు. దాడి విఫలమైంది. దీనికి ప్రతిఫలంగా 1860లో రాయచూరు దోఆబు, ధారాశివ్ తిరిగి వచ్చాయి, 50 లక్షల బాకీ మాఫీ అయింది. సాలార్‌జంగ్‌ను మెచ్చుకునేవారు సైతం ఈ ఘట్టం దగ్గర ఆగిపోతారు. రాజ్యాన్ని కాపాడాడని కొందరు, స్వాతంత్ర్య సమరానికి అడ్డు నిలిచాడని కొందరు అంటారు. జీవితచరిత్ర రాసేటప్పుడు ఇష్టమైన పేజీలే తిప్పడం న్యాయం కాదు గనుక దీన్ని ఇక్కడ రాస్తున్నాను. ఆయన మీద ఆగ్రహం ఉన్నవారు ఊళ్ళోనే ఉండేవారు. 1868లో దర్బారుకు వెళ్తుండగా ఆయన మీద తుపాకీ పేలింది. ప్రాణాపాయం తప్పింది.

జిలాబందీ

1864లో మజ్లిసె మాల్‌గుజారీ, అంటే రెవెన్యూ బోర్డు, ఏర్పడింది. మరుసటి ఏడాది, 1865లో, జిలాబందీ జరిగింది. దివానీ ప్రాంతమంతటినీ జిల్లాలుగా, తాలూకాలుగా విభజించారు. జిల్లాకు అవ్వల్ తాలూక్దారు, ఆయన కింద దోయం, సోయం తాలూక్దార్లు, తాలూకాకు తహసీల్దారు, ఊరికి పటేలు, పట్వారీ. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు అప్పటి ఎలగందుల జిల్లాలోవి. కోరుట్ల జగిత్యాల తాలూకాలో ఒక ఊరు. కరీంనగర్ నుండి సిరిసిల్ల పోయే దారిలో మానేరు ఒడ్డున కనిపించే ఎలగందుల కోట పేరే జిల్లా పేరు. 1905 నాటి పునర్విభజనతో అది కరీంనగర్ జిల్లా అయింది. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి.

ఈ విభజనను పటం మీద గీతలుగా చూస్తే దాని ప్రయోజనం తెలియదు. అది లెక్క నడిచే దారి. పట్వారీ ఊళ్ళో పంట చూసి తెలుగులో రాస్తాడు. తహసీలులో ఊళ్ళ లెక్కలు కూడుతారు. జిల్లాలో తాలూకాల లెక్కలు పక్కపక్కన పెడతారు. పైకి వెళ్ళేసరికి అది ఫారసీలో ఉంటుంది. ఏటా జరిగే జమాబందీలో ఈ ఏడాది లెక్కను పోయిన ఏడాది లెక్కతో సరిచూస్తారు. ఫలానా ఊళ్ళో తరి సాగు ఒక్కసారిగా ఎందుకు తగ్గింది అని అడుగుతారు. చెరువు కట్ట తెగిందా, పట్వారీ చెయ్యి తిరిగిందా అన్నది తేల్చడానికి మనిషి వెళ్ళి చూడాలి. లెక్క అనుమానాన్ని పుట్టిస్తుంది, మనిషి దాన్ని తీరుస్తాడు. జమాబందీ చేసిన మనవాళ్ళందరికీ ఇది అనుభవమే.

దివాన్‌కు ఈ లెక్కల అవసరం మరొకందుకు కూడా ఉండేది. నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో ఆయనకు అనుమతి లేకుండా నగరం దాటి వెళ్ళే స్వేచ్ఛ లేదు. రాజ్యమంతా ఏలవలసినవాడు ఊరి పొలిమేర దాటలేడు. కాబట్టి జిల్లాలే కాగితాల రూపంలో ఆయన దగ్గరికి రావలసి వచ్చింది.

కాగితం అన్నాను గనుక కోరుట్ల మాట చెప్పుకోవాలి. కోరుట్ల చేతి కాగితానికి పాత రోజుల్లో మంచి పేరు. అక్కడ తయారైన ముతక కాగితాన్ని పట్వారీలు లెక్కల పుస్తకాలకు వాడేవారని ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళ గెజిటీరులో నమోదయింది. రైతు భూమి, శిస్తు, బాకీ అన్నీ ఆ కాగితం మీదికి ఎక్కేవి. ఈనాటి కంప్యూటరు పెట్టెలకు అది ముత్తాత అనుకుంటే మన కోరుట్లవారికి కాస్త గర్వంగానే ఉంటుంది.

మనుషుల ఎంపిక

ఎంత మంచి లెక్క అయినా చదవగలిగినవాడు లేకపోతే నిరుపయోగం. సాలార్‌జంగ్ ఈ సంగతి బాగా గుర్తించారు. 1854 తరువాత హైదరాబాదులో దారుల్‌ఉలూమ్ వంటి విద్యాలయాలు పెట్టించారు. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదరుల్‌మహాములను నియమించి పని పంచారు. 1870 తరువాత ఉత్తరాది నుండి సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, తరువాత మొహ్సినుల్‌ముల్క్‌గా ప్రసిద్ధి పొందిన సయ్యద్ మెహదీ అలీ, చిరాగ్ అలీ వంటి చదువుకున్నవారిని రప్పించారు. భూమి సర్వే, సెటిల్‌మెంటు పని 1875 ప్రాంతంలో మరఠ్వాడా వైపు మొదలైంది. చిరాగ్ అలీ ఆ తరువాత సాలార్‌జంగ్ పాలన మీద నాలుగు సంపుటాల గ్రంథం ప్రచురించారు. దాని నిండా శాఖలవారీ లెక్కలే.

బయటివారిని తెచ్చిన ఈ పద్ధతి మీద అసంతృప్తి కూడా అప్పుడే మొదలైంది. ముల్కీ, నాన్‌ముల్కీ వివాదానికి బీజం ఇక్కడే పడింది. 1952లో, 1969లో ఆ మాట ఎంత దూరం వెళ్ళిందో మన తరానికి ఎవరూ చెప్పనక్కరలేదు. పని తెలిసినవాడు కావాలి, ఊరు తెలిసినవాడూ కావాలి. ఇద్దరిలో ఒకరే ఉంటే లెక్క కుంటుతుంది.

1869లో అఫ్జలుద్దౌలా మరణించారు. వారసుడు మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి మూడేళ్ళు నిండలేదు. సాలార్‌జంగ్, అమీరె కబీర్ కలిసి రాజప్రతినిధులుగా పాలించారు. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1876లో బేరారు తిరిగి రాబట్టాలన్న కోరికతో ఇంగ్లండు వెళ్ళారు. దారిలో పారిస్‌లో జారిపడి తొడ ఎముక విరిగింది. ఇంగ్లండులో సన్మానాలు జరిగాయి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇచ్చింది. బేరారు మాత్రం రాలేదు. మ్యూజియంలో అందరూ ఆగి చూసే ముసుగు రెబెకా శిల్పాన్ని ఆయన ఆ యాత్రలోనే రోములో కొన్నారు.

1881 ఫిబ్రవరి 17న హైదరాబాదు రాజ్యంలో తొలిసారిగా జనాభా లెక్క జరిగింది. 98,45,594 మంది అని తేలింది. అంతవరకు ఈ రాజ్యంలో ఎంతమంది ఉన్నారో పాలించేవారికే తెలియదు. ఒక్క వ్యక్తి కూడా తప్పిపోకుండా లెక్కించారని నేను అనను. కాని గుత్తేదారు చెప్పిన మాట మీద నడిచిన రాజ్యం ఇరవై ఎనిమిదేళ్ళలో ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసుకునే దశకు చేరింది.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి సాలార్‌జంగ్ హైదరాబాదులో కన్నుమూశారు. వయస్సు 54 ఏళ్ళు. దాదాపు 30 ఏళ్ళు దివాన్‌గా ఉన్నారు. మన లెక్కన అది ఒక పూర్తి సర్వీసు. పింఛను మాత్రం అందుకోలేదు.

ఆయన చెయ్యని పని

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సాలార్‌జంగ్ లెక్కను గుత్తేదారు సంచిలో నుండి తీసి సర్కారు దఫ్తరులో పెట్టారు. రైతు చేతిలో మాత్రం పెట్టలేదు. అందులో ఏముందో చూసుకునే దారి రైతుకు లేదు. చదువు లేనివాడు పట్వారీ చదివి చెప్పిందే నమ్మాలి. పై స్థాయిలో అది ఫారసీలో, 1884 తరువాత ఉర్దూలో ఉండేది.

వసూలు హక్కు పోయిన దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండ్యాలకు నష్టపరిహారంగా ఏటా రుసుములు ఇచ్చారు. కాని పలుకుబడి పోలేదు. సర్వే, సెటిల్‌మెంటు జరిగినప్పుడు ఏ భూమి మంచిది, ఏది ఎవరి పేర ఎక్కలేదు అన్నది తెలిసినవారు వారూ, పట్వారీలూ. ఎన్నో చోట్ల మంచి మంచి భూములు వారి పేర ఎక్కాయి. తరతరాలుగా దున్నుకుంటున్నవాడు తన భూమిలోనే కౌలుదారో, పాలేరో అయ్యాడు. తెలంగాణ భూసంబంధాల మీద పరిశోధన చేసినవారు ఈ విషయాన్ని వివరంగా రాశారు. జాగీర్లు, సర్ఫెఖాస్ ప్రాంతాలకు ఆయన సంస్కరణలు సరిగా చేరనే లేదు. 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ సాయుధ పోరాటానికి ఉన్న కారణాలలో ఈ కాగితాల అన్యాయం ఒకటి.

మన వైపు ఇంకా ఆలస్యంగా కూడా ఆ మంట కనిపించింది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్రను మనలో చాలామంది కళ్ళారా చూశారు. బంజరు భూములు, వెట్టి, కూలి రేట్లు అప్పటి సమస్యలు. ఆ తరువాత అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ ఉద్యమం మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. సర్కారీ బంజరు అని కాగితంలో ఉన్న భూమి వాస్తవంగా ఎవరి కబ్జాలో ఉన్నదో ఊరందరికీ తెలుసు, కాగితానికి మాత్రం తెలియదు. ఆ ఎడం పెరిగిపోతే ఏమవుతుందో మన ప్రాంతం చూసింది.

1984లో పట్వారీ వ్యవస్థ రద్దయింది. 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయి, ధరణి పోర్టల్ వచ్చింది. పేరు తప్పు పడ్డవారు, భూమి నిషేధిత జాబితాలో పడ్డవారు తహసీలుకు వెళ్తే తమ చేతిలో లేదని విన్నారు. 2025లో భూభారతి చట్టం వచ్చి సవరణకు, అప్పీలుకు దారి పెట్టింది. ఊళ్ళకు మళ్ళీ గ్రామ పాలన అధికారులు వచ్చారు. అంటే కంప్యూటరు ఎంత వేగమైనదైనా ఊళ్ళో ఒక మనిషి ఉండాలని అనుభవం చెప్పింది.

కొత్త గుమాస్తా

ఇక ఏఐ విషయం. నాకు అర్థమైనంతవరకు, అది లక్షల పాత లెక్కలు చూసి, వాటిలోని వరస పట్టి, కొత్త కేసు వచ్చినప్పుడు ఇది ఇలా ఉండవచ్చునని అంచనా చెప్పే యంత్రం. మన భాషలో చెప్పాలంటే ఫైలు మీద నోటు పెట్టే గుమాస్తా. మహా వేగం గల గుమాస్తా. నోటు బాగుంటే అధికారికి ఎంతో ఉపకారం. నోటునే ఉత్తర్వు చేసేస్తే మాత్రం ప్రమాదం.

మంచి ఉదాహరణ ఖమ్మంలోనే ఉంది, సాలార్‌జంగ్ తొలి ఉద్యోగం చేసిన ఖమ్మంలో. 2022లో సాగు బాగు పేరుతో 7,000 మంది మిర్చి రైతులతో ఒక ప్రయోగం జరిగింది. భూసార పరీక్షలు, పంట నాణ్యతను యంత్రంతో పరీక్షించడం, ఫోనుకు ఏఐ సలహాలు అందులో భాగం. ఎకరాకు దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందని దానిని నడిపినవారు ప్రకటించారు. అక్కడ యంత్రం సలహా చెప్పింది, రైతుల మధ్య తిరిగే కార్యకర్తలు దాన్ని వివరించారు, మందు కొట్టాలా వద్దా అన్నది రైతు తేల్చుకున్నాడు. ముగ్గురూ తమ తమ చోట ఉన్నారు.

రెండవ ఉదాహరణ రేషన్ కార్డులది. రాష్ట్రంలో 2014 నుండి కొన్నేళ్ళలో 19 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. అనేక శాఖల లెక్కలను కలిపి చూసే సమగ్ర వేదిక అనే కంప్యూటరు వ్యవస్థ అందులో పాత్ర వహించింది. పేరు పోలిక వల్ల పరాయివాడి కారు పేదవాడి లెక్కలో పడిన సందర్భాలు ఉన్నాయి. ఇంటికి వెళ్ళి చూడకుండా రద్దు చేసిన కార్డులన్నీ క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పరిశీలిస్తే వేలాది కుటుంబాలు అర్హులేనని తేలింది. ఇదే లెక్క జమాబందీలో వస్తే ఏమి చేసేవాళ్ళం? అనుమానం రాసుకుని, గిర్దావరును ఊరికి పంపేవాళ్ళం. ఇక్కడ ఆ ఒక్క మెట్టు తప్పింది.

మూడవది మన సొంత విషయం. బతికి ఉన్నామని ఏటా రుజువు చేసుకోవడం. కేంద్ర ప్రభుత్వం 2014లో జీవన ప్రమాణ్ తెచ్చి, 2021 నవంబరులో దానికి ముఖం గుర్తింపు జోడించింది. మన రాష్ట్రంలో టీ యాప్ ఫోలియో ద్వారా సెల్ఫీ దిగి పంపే సౌకర్యం వచ్చింది. మంచం పట్టిన పెద్దవాణ్ణి ఆటోలో ఎక్కించి ట్రెజరీ దాకా తీసుకువెళ్ళే బాధ తప్పింది. ఇది చిన్న మేలు కాదు. అయితే వయస్సుతో ముఖం మారుతుంది, కంటి ఆపరేషను అవుతుంది, పళ్ళు ఊడిపోతాయి. కోరుట్లలో బీడీలు చుట్టి, సిరిసిల్లలో నూలు పట్టి అరిగిన వేళ్ళను వేలిముద్ర యంత్రం గుర్తించకపోవడమూ ఉంటుంది. యంత్రం పోల్చుకోలేకపోయినంత మాత్రాన మనిషి లేనట్టు కాదు. యంత్రం కాదన్నప్పుడు అవునని చెప్పే అధికారం ఉన్న మనిషి ఒకరు ప్రతి కార్యాలయంలో కూర్చుని ఉండాలి.

సిరిసిల్ల మగ్గాల విషయంలోనూ అంతే. జాబితాలో ఇన్ని మరమగ్గాలు అని ఉంటుంది. వాటిలో ఎన్ని ఆడుతున్నాయి, ఎన్ని నూలు లేక ఆగిపోయాయి, ఆసామి ఎవరు, కార్మికుడు ఎవరు అన్నది వీధిలో నడిచినవాడికే తెలుస్తుంది. జాబితానూ వీధినీ కలిపి చూసిన నిర్ణయమే నాలుగు ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తుంది.

మనం చెయ్యగలిగినది

సాలార్‌జంగ్ జీవితం చదివాక నాకు తోచినది ఇది. లెక్క ఒకే కొలతలో ఉండాలి. లెక్క రాసేవాడికి దాన్ని దాస్తే లాభం లేకుండా ఉండాలి. లెక్క చూసి అనుమానం వస్తే మనిషి వెళ్ళి చూడాలి. ఈ మూడూ ఆయన చేసి చూపించారు. నాలుగవది, ఎవరి గురించి లెక్క రాశారో వారికి అది చదివి వినిపించి, తప్పుంటే దిద్దించుకునే దారి ఉండాలి. అది ఆయన వల్ల కాలేదు. ఏఐ వచ్చిన ఈ కాలంలో ఆ నాలుగవదే అన్నింటికన్నా ముఖ్యమైంది. ఎందుకంటే పట్వారీ రాసింది తప్పని కనీసం పట్వారీ ఇంటి ముందు నిలబడి అడగవచ్చు. యంత్రం రాసినదానికి ఇల్లు ఎక్కడ?

మన సంఘంలో రెవెన్యూ, ట్రెజరీ, విద్య, వ్యవసాయ శాఖలలో పనిచేసినవారు ఎందరో ఉన్నారు. సేత్వార్, ఖాస్రా పహాణీ చదవగలిగినవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. మన సంఘ కార్యాలయంలో వారానికి ఒక పూట ఇద్దరు ముగ్గురు పెద్దలు కూర్చుని, వచ్చిన రైతుకు భూభారతిలో తన పేర ఏమి ఉందో చదివి చెప్పి, తప్పుంటే దరఖాస్తు రాసిపెడితే బాగుంటుందని నా సూచన. జీవన ప్రమాణం సమర్పించే రోజుల్లో సెల్ఫీ తిరస్కరించబడిన సభ్యుల పేర్లు రాసుకుని, వారి తరఫున మన కార్యవర్గం ట్రెజరీకి వెళ్ళి మాట్లాడాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యూనిట్లు మూడూ ఆ జాబితాలు ఏడాది చివర కలిపి చూసుకుంటే, యంత్రం ఎక్కడ ఎక్కువగా తడబడుతున్నదో సర్కారుకే మనం లెక్క చూపించవచ్చు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.